కుదురు లేని మనసుకు... మందుల్లేని మార్గాలు!

'ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండడండీ!'
'తెలివికేం తక్కువ లేదు... శ్రద్ధే లేదు.'
'వందసార్లు చెప్పినా చెవికెక్కదు.'

ఏ బడి గేటు దగ్గర నిలబడినా వినిపించే మాటలివి. చాలామంది పిల్లల విషయంలో అది వయసుతో వచ్చి వయసుతోనే పోయే అల్లరి. కొందరిలో మాత్రం పోదు. పెరిగేకొద్దీ చదువుకీ, స్నేహాలకీ, ఉద్యోగానికీ, కాపురానికీ అడ్డుపడుతూనే ఉంటుంది. దాని పేరు ఏడీహెచ్‌డీ. ఆ మాట డాక్టరు నోటి నుంచి రాగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే... 'మాత్రలు వేయకుండా తగ్గించలేమా?'

అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం 'అవును', 'కాదు' అన్నంత తేలిక కాదు!

కూర్చుంటేనే చదువా?

సాయంత్రం అయిందంటే బెజవాడలో ఏ వీధి చూసినా ట్యూషన్ల హడావుడే. పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్, రాత్రి హోంవర్కు. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలకు ఈ ఊరు పెట్టింది పేరు. గుడివాడ, అవనిగడ్డ, పామర్రు... డెల్టాలో ఏ మూల ఉన్నా అప్పోసప్పో చేసి పిల్లల్ని ఇక్కడ చేర్పించే కుటుంబాలెన్నో. తెల్లవారుజామున మొదలయ్యే స్టడీ అవర్ రాత్రి పొద్దుపోయేదాకా సాగుతూనే ఉంటుంది.

గంటల తరబడి కదలకుండా కూర్చోవడమే చదువు అనుకునే చోట, కూర్చోలేని పిల్లాడు ఏమవుతాడు? దోషి అవుతాడు. మొండివాడు, పొగరుబోతు, బద్ధకస్తుడు... ఇలా రోజుకో బిరుదు. బడిలో దెబ్బలు, ఇంట్లో తిట్లు. 'నువ్వు గారాబం చేసే చెడగొట్టావు' అంటూ తల్లికి అత్తింటి నుంచి అక్షింతలు. పదేళ్లు వచ్చేసరికి ఆ పిల్లాడికి తన గురించి తెలిసిన సంగతి ఒక్కటే... తాను పనికిరానివాడినని.

నిజానికి ఏడీహెచ్‌డీ కన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ ముద్రే.

లోపల ఓ అప్రస్తుత ప్రసంగి

ఈ సమస్యను తెలుగువాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం తేలికే. మనకు అవధానం ఉంది కదా! అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, మరొకరు నిషేధాక్షరాలు పెడతారు, ఇంకొకరు గంట కొడుతూ లెక్క చూసుకోమంటారు. వీళ్లందరి మధ్యా అప్రస్తుత ప్రసంగి ఒకాయన, సంబంధం లేని కబుర్లతో ఏకాగ్రతను చెదరగొట్టడమే ఆయన పని. ఆయనకు చమత్కారంగా బదులిచ్చి, మళ్లీ పద్యంలోకి వెళ్లిపోవడం అవధాని గొప్పదనం. బందరు హిందూ హైస్కూల్లో పాఠాలు చెప్పిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, ఆయన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రి ఈ విద్యలో దిట్టలు.

ఏడీహెచ్‌డీ ఉన్నవారి మెదడులో ఆ అప్రస్తుత ప్రసంగి ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాడు. ఫ్యాను చప్పుడు, కిటికీ అవతల కాకి, నిన్నటి క్రికెట్ మ్యాచ్, పక్కవాడి కొత్త పెన్ను... అన్నీ ఒకే గొంతుతో పిలుస్తాయి. టీచరు చెప్పే లెక్క వాటిలో ఒకటి మాత్రమే. దేన్ని వినాలో, దేన్ని పక్కన పెట్టాలో తేల్చే వ్యవస్థ వీళ్లలో బలహీనంగా పనిచేస్తుంది. అది మెదడు ముందుభాగం బాధ్యత. డోపమైన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలు అక్కడ కీలకం.

అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో ఓ ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. మెదడు పైపొర మందం పెరిగి గరిష్ఠానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సగటున ఏడున్నరేళ్లయితే, ఏడీహెచ్‌డీ పిల్లల్లో పదిన్నరేళ్లు. అంటే ఆ ఎదుగుదల ఆగిపోలేదు... ఆలస్యమైంది. ఈ రంగంలో పేరున్న మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ తల్లిదండ్రులకు ఓ సులువైన లెక్క చెబుతారు. ఈ పిల్లల స్వీయ నియంత్రణ వయసును అసలు వయసులో సుమారు మూడోవంతు తగ్గించి చూడమంటారు. పదేళ్ల పిల్లాడి నుంచి ఏడేళ్ల పిల్లాడి నిగ్రహాన్నే ఆశించాలన్నమాట. తెలివి మాత్రం పదేళ్లదే! గొడవంతా అక్కడే వస్తుంది.

ఇదేదో సెల్‌ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బు కూడా కాదు. స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రిక్టన్ 1798లోనే మనసు నిలవని స్థితి గురించి రాశాడు. 1902లో లండన్ పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్ ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. పేర్లు మారుతూ వచ్చాయి. 1987 నుంచీ ఇప్పుడున్న పేరు స్థిరపడింది.

అదేనా... మరొకటా?

అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ ఏడీహెచ్‌డీ ఉన్నట్టు కాదు. రక్తపరీక్షతోనో స్కానింగుతోనో తేలేది అసలే కాదు. నిపుణులు లక్షణాలను రెండు పట్టికలుగా చూస్తారు. ఏకాగ్రతకు సంబంధించినవి తొమ్మిది, అతి చురుకుదనం-తొందరపాటుకు సంబంధించినవి తొమ్మిది. పిల్లల్లో ఏదో ఒక పట్టికలో కనీసం ఆరు ఉండాలి. పదిహేడేళ్లు, ఆపైన వయసున్న వారిలో అయిదు చాలు. అవి ఆర్నెల్లకు మించి ఉండాలి. పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ... కనీసం రెండు చోట్ల కనిపించాలి. పైగా రోజువారీ జీవితానికి అడ్డుపడుతుండాలి. బడిలో మాత్రమే అల్లరి చేస్తున్నాడంటే తేడా బడిలో ఉందేమో చూడాలి!

అచ్చం ఇలాగే కనిపించే ఇతర సమస్యలూ ఉన్నాయి. చెవి సరిగా వినపడని పిల్లాడు 'చెప్పింది వినడు'. చూపు ఆనని పిల్ల బోర్డు వైపు చూడదు. ముక్కు వెనక ఎడినాయిడ్స్ పెరిగి, నోటితో గాలి పీలుస్తూ నిద్రపట్టని పిల్లాడు పగలంతా చిరాకుగా గంతులేస్తాడు. థైరాయిడ్ తేడా, ఆందోళన, అక్షరాలు గుర్తించలేని డిస్లెక్సియా, కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఒకరకం మూర్ఛ... అన్నీ ఆ ముసుగులోనే వస్తాయి. రక్తహీనత సంగతి సరేసరి. కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా రక్తం తక్కువగా ఉన్నవాళ్లే.

ఇంకో తమాషా ఉంది. ఒకే తరగతిలో అందరికన్నా చిన్నవయసు పిల్లలకు ఏడీహెచ్‌డీ ముద్ర ఎక్కువగా పడుతోందని చాలా దేశాల అధ్యయనాలు చెప్పాయి. నాలుగు నెలలు వయసు ఎక్కువ వేసి తొందరపడి ఒకటో తరగతిలో చేర్పించే అమ్మానాన్నలు గుర్తుంచుకోవాల్సిన విషయం!

దీనికి వ్యతిరేకంగా, ఉన్నా కనిపించనివాళ్లు అమ్మాయిలు. గంతులేయరు. గొడవ చేయరు. కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంటారు. 'పాపం, మెతక పిల్ల' అనేసి వదిలేస్తారు. మార్కులు తగ్గి, ఆత్మవిశ్వాసం పోయాక ఎప్పటికో సంగతి బయటపడుతుంది.

మందు శత్రువా?

మిథైల్‌ఫెనిడేట్... ఏడీహెచ్‌డీకి ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా రాసే మందు ఇదే. 1944లో స్విట్జర్లాండ్‌లో తయారైంది. మనదేశంలో ఇది మత్తుపదార్థాల నియంత్రణ చట్టం పరిధిలోకి వస్తుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అన్ని షాపుల్లోనూ దొరకదు. ఆకలి తగ్గడం, నిద్రపట్టకపోవడం లాంటి దుష్ప్రభావాలున్నాయి. అందుకే చాలామంది భయపడతారు.

భయం సహజమే. కానీ నిజం కూడా తెలుసుకోవాలి. అమెరికాలో 7-9 ఏళ్ల పిల్లలు 579 మందిని నాలుగు జట్లుగా చేసి 14 నెలలు పరిశీలించారు. 1999లో వెల్లడైన ఆ ఫలితాల ప్రకారం, ఏకాగ్రత లోపాన్నీ గంతులనూ తగ్గించడంలో పద్ధతిగా వాడిన మందే ప్రవర్తన శిక్షణ కన్నా మెరుగు. అయితే మందుతోపాటు శిక్షణ కూడా ఇచ్చిన పిల్లలకు తక్కువ మోతాదు మందు సరిపోయింది. వాళ్ల తల్లిదండ్రులు ఎక్కువ సంతృప్తి చెందారు. అసలు మలుపు తర్వాత వచ్చింది. మూడేళ్లు గడిచాక చూస్తే, నాలుగు జట్ల మధ్యా తేడా చెరిగిపోయింది! ఏ చికిత్సతో మొదలుపెట్టారన్నదాని కన్నా, తర్వాత ఏళ్ల తరబడి ఆ కుటుంబం ఏం చేసిందన్నది ముఖ్యమని నిపుణులు ఆలోచనలో పడ్డారు.

ఇప్పుడు చాలా దేశాల వైద్య మార్గదర్శకాలు చెప్పేది ఇదీ... ఆరేళ్లలోపు పిల్లలకు మొదటి చికిత్స మాత్ర కాదు, తల్లిదండ్రులకు శిక్షణ. ఆ పైవయసువారికి ఇల్లూ బడీ అనుకూలంగా మార్చాలి. అప్పటికీ ఇబ్బంది తగ్గకపోతే మందు గురించి ఆలోచించాలి. సమస్య తీవ్రంగా ఉన్నప్పుడు మందు వాడటం ఓటమి కాదు. కళ్లజోడు పెట్టుకోవడం లాంటిది. ఇప్పటికే మందు వాడుతున్నవాళ్లు ఎవరో చెప్పారని సొంతంగా ఆపేయడం మాత్రం తప్పు. డాక్టరుతో మాట్లాడే ఏ మార్పైనా చేయాలి.

శిక్షణ పిల్లలకు కాదు... పెద్దలకు!

మందుల్లేని పద్ధతుల్లో ఎక్కువ ఆధారాలున్నది తల్లిదండ్రుల శిక్షణకే. తప్పు వాళ్లదని కాదు. పిల్లాడి పక్కన రోజంతా ఉండేది వాళ్లే కాబట్టి! మామూలుగా వారానికోసారి చొప్పున రెండు మూడు నెలలు సాగే ఈ శిక్షణలో నేర్పే సూత్రాలు చూడటానికి చాలా చిన్నవి.

* ఒక్కసారికి ఒక్క మాట. 'లేచి మొహం కడుక్కుని, యూనిఫాం వేసుకుని, బ్యాగు సర్దుకుని రా' అంటే మొహం కడుక్కోవడం దగ్గరే బండి ఆగిపోతుంది. వంటింట్లోంచి కేకేయడం కాదు... దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యేసి, కళ్లలోకి చూసి ఒకే పని చెప్పాలి. అది అయ్యాకే రెండోది.

* మెప్పు వెంటనే. 'ఫస్ట్ ర్యాంకు వస్తే సైకిల్ కొంటా' అన్న హామీ ఈ పిల్లల మీద పనిచేయదు. మార్చి నెల వాళ్లకు చాలా దూరం. ఈ పూట హోంవర్కుకు ఈ పూటే ఓ చుక్క, ఓ బొమ్మ. పది చుక్కలకు కోరుకున్న ఆట.

* 'ఇది అయ్యాక అది'. 'టీవీ కట్టెయ్' అనే బదులు 'రెండు లెక్కలు అయ్యాక టీవీ' అనాలి. చెప్పే మాట అదే, చెవిలో పడే తీరు వేరు.

* రోజూ ఓ పావుగంట వాడిది. ఆ సమయంలో ప్రశ్నలుండవు, పాఠాలుండవు, సలహాలుండవు. ఆట వాడిది, నియమాలు వాడివి. అమ్మో నాన్నో పక్కన కూర్చుని చూడటమే. రోజంతా తిట్లు తినే పిల్లాడికి ఈ పావుగంట ఎంత బలమో!

* శిక్ష చిన్నదిగా, ముందే చెప్పినదిగా ఉండాలి. కొట్టడం వల్ల భయం వస్తుంది. ఏకాగ్రత రాదు.

ఇక్కడో చిక్కుంది. మన ఇళ్లలో అమ్మ ఒకటి చెబితే నానమ్మ ఒకటి చేస్తుంది. 'పోనీలేవే, చిన్నపిల్లాడు' అంటూ తాతయ్య చుక్కల పట్టిక సంగతే మరిచి చాక్లెట్ చేతిలో పెడతాడు. అందుకే ఇంట్లో పెద్దలందరికీ సంగతి వివరించి, ఒకే మాట మీద నిలబడటం సగం విజయం.

బడిలో ఓ చిన్న కార్డు

విద్యాహక్కు చట్టం వచ్చాక బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. మరి టీచరు ఏం చేయాలి? నలభై, యాభై మంది ఉన్న గదిలో ఒక్కడి కోసం ప్రత్యేకంగా చేయడం కష్టమే. కానీ కొన్నింటికి పైసా ఖర్చు లేదు. కిటికీకీ తలుపుకీ దూరంగా, టీచరుకు దగ్గరగా కూర్చోబెట్టడం. ఇరవై లెక్కల బదులు అయిదేసి చొప్పున ఇవ్వడం. బోర్డు తుడవడం, హాజరు పుస్తకం ఆఫీసులో ఇచ్చి రావడం లాంటి పనులు అప్పజెప్పడం... ఆ నెపంతో కాళ్లకు కాస్త పని దొరుకుతుంది. నోటితో చెప్పిన హోంవర్కును బోర్డు మీద కూడా రాయడం.

వీటన్నిటికన్నా బాగా పరీక్షకు నిలిచింది 'రోజువారీ రిపోర్టు కార్డు'. ఓ చిన్న కాగితం మీద మూడే లక్ష్యాలు. 'చెయ్యెత్తి మాట్లాడాడు', 'క్లాసు వర్కు పూర్తిచేశాడు', 'ఎవరినీ కొట్టలేదు'. పీరియడ్ కాగానే టీచరు టిక్కు పెడుతుంది. సాయంత్రం ఇంట్లో ఆ టిక్కులకు బహుమతి. బడికీ ఇంటికీ మధ్య ఫిర్యాదుల బదులు ఓ వంతెన ఏర్పడుతుంది.

జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి కథ తెలుగు పాఠకులకు 'రైలుబడి'గా పరిచయమే. ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేసిన పిల్ల ఆమె. కొత్త బడి హెడ్మాస్టరు సొసాకు కొబయాషి తొలిరోజు చేసిందల్లా ఆ పాప చెప్పే కబుర్లను గంటల తరబడి వినడం. ఆ బడిలో ఏ పాఠం ముందు చదవాలో పిల్లలే ఎంచుకునేవారు. పెద్దయ్యాక ఆమె జపాన్ టీవీలో అందరికీ తెలిసిన వ్యాఖ్యాత అయింది. ఆమెకు ఏ సమస్య ఉందో తేల్చడం ఇక్కడ అవసరం లేదు. బడి మారితే పిల్ల మారిందన్నదే పాఠం.

బందరు లడ్డూ నిర్దోషి!

తీపి తింటే పిల్లలు రెచ్చిపోతారన్నది చాలామంది నమ్మకం. 1995లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులకు దానికి ఆధారం దొరకలేదు. అంతకు ఏడాది ముందు జరిగిన ఓ ప్రయోగం మరీ విచిత్రం. పిల్లలకు పంచదార లేని పానీయం ఇచ్చి, కొందరు తల్లులతో పంచదార ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులు తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేశారని చెప్పారు! పళ్ల కోసం, బరువు కోసం తీపి తగ్గించడం మంచిదే. ఏకాగ్రత విషయంలో మాత్రం బందరు లడ్డూ నిర్దోషి.

రంగుల మాట వేరు. 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం అధ్యయనంలో కొన్ని కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయాలు తాగిన పిల్లల్లో చురుకుదనం కాస్త పెరిగినట్టు తేలింది. 2010 నుంచి ఐరోపాలో ఆరు రంగులు కలిపిన తినుబండారాల మీద హెచ్చరిక ముద్రించాల్సిందే. అందరు పిల్లల మీదా ఈ ప్రభావం ఉండదు. అందుకని బడి ముందు అమ్మే రంగు నీళ్లు, రంగు మిఠాయిలు ఓ నెల మానిపించి చూడటంలో నష్టమేం లేదు. చేపనూనెలోని ఒమేగా-3 వల్ల మేలు ఉన్నా కొంచెమే. ఖరీదైన గొట్టాల కన్నా బందరు తీరంలో దొరికే కవ్వలు, కానాగంతలు వారానికి రెండుసార్లు కూరలో పడితే చాలు. పొద్దున ఏమీ తినకుండా పరుగెత్తే పిల్లాడికి పెసరట్టో, గుడ్డో కడుపులో పడటం ముఖ్యం.

ఆటకున్న విలువ మాత్రం తక్కువ కాదు. ఇరవై నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం తర్వాత ఏకాగ్రత పరీక్షల్లో పిల్లలు మెరుగుపడుతున్నారని పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికాలోని ఇల్లినాయీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏడీహెచ్‌డీ పిల్లల్ని పార్కులో ఇరవై నిమిషాలు నడిపించి చూశారు. నగర వీధుల్లో నడిచిన రోజు కన్నా పార్కులో నడిచిన రోజు వారి ఏకాగ్రత బాగుంది. డెల్టాలో ఉన్నవాళ్లకు పచ్చదనానికేం కొదవ? కాలవ గట్టు, పొలం దారి, కొబ్బరితోట... హోంవర్కుకు ముందు నాన్నతో ఓ నడక. బెజవాడలో అయితే రాజీవ్ గాంధీ పార్కు, గాంధీకొండ ఉన్నాయి. ఎండాకాలంలో మాత్రం పొద్దున్నే, లేదా పొద్దువాలాకే.

అష్టాచెమ్మా, వామనగుంటలు లాంటి ఆటల్లో తన వంతు వచ్చేదాకా ఆగాలి. కూచిపూడి నాట్యంలో తాళాన్ని వింటూ అడుగు వేయాలి. ఇవి చికిత్సలని చెప్పలేం గానీ, ఆగడం, వినడం సరదాగా సాధన అవుతాయి. యోగా కూడా అంతే. చిన్న అధ్యయనాల్లో ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. మిగతా చికిత్సకు తోడుగానే తప్ప బదులుగా కాదు.

ఇక నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి రోజుకు కనీసం తొమ్మిది గంటలు, టీనేజీ పిల్లలకు ఎనిమిది గంటలు ఉండాలి. నిద్రలేని మామూలు పిల్లాడే ఏడీహెచ్‌డీ పిల్లాడిలా ఉంటాడు. ఉన్నవాడి సంగతి చెప్పేదేముంది!

ఎవరి కొలత వారిది

ఇన్ని పద్ధతులున్నాయి కదా అని అన్నీ ఒకేసారి మొదలెడితే వారం తిరక్కుండా ఇల్లంతా అలసిపోతుంది. ఎవరి సమస్య ఎక్కడుందో చూసి దానికి తగ్గ మార్గం ఎంచుకోవాలి. ఓ మూడు ఇళ్లు ఊహించుకుందాం.

విజయవాడలో రెండో తరగతి పిల్లాడు. కూర్చోడు, కొడతాడు, లాక్కుంటాడు. ఇతడికి ముందు ఆట, తర్వాత చదువు. పది నిమిషాలు చదివితే రెండు నిమిషాలు విరామం. నిలబడి చదివినా అభ్యంతరం లేదు. చుక్కల పట్టిక, రిపోర్టు కార్డు ఇతడి కోసమే.

పెడనలో ఏడో తరగతి అమ్మాయి. గంతుల్లేవు, ఊహల్లో ఉంటుంది. పుస్తకాలు పోగొట్టుకుంటుంది. ఈ పిల్లకు చుక్కల పట్టిక కన్నా తలుపు మీద అతికించిన జాబితా ఉపయోగం. రాత్రే బ్యాగు సర్దుకోవడం, ప్రతి వస్తువుకూ ఓ చోటు, బడిలో ముందు బెంచీ. చదవడంలో ఇబ్బంది ఉందేమో పరీక్ష చేయించడం.

హాస్టల్లో ఉన్న ఇంటర్ కుర్రాడు. పదో తరగతిదాకా తెలివితో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు చదవాల్సింది కొండంత, నిద్ర గోరంత. ఇతడికి కావాల్సింది తిట్లు కాదు, కాలేజీతో ఓ మాట. వీలైతే ఇంటి నుంచి వెళ్లి చదివే ఏర్పాటు. రాసి చదవడం, సమయాన్ని ముక్కలు చేయడం. 'నాకేం చేతకాదు' అనే స్థితికి వచ్చాడంటే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం. ఇతడికి మందు కూడా అవసరం కావచ్చు.

ముగ్గురిదీ ఒకే సమస్య. మార్గాలు మూడు. ఏ మార్గమైనా ఒక నోటు పుస్తకంతో మొదలెట్టాలి. ఏ వేళలో, ఏ పనిలో, ఏం జరిగాక గొడవ వస్తోందో రెండు వారాలు రాసుకోవాలి. తర్వాత ఒకే ఒక్క మార్పు. మూడు నాలుగు వారాలు చూసి, పనిచేస్తే ఉంచాలి, లేకపోతే మార్చాలి. డాక్టరుకు ఆ పుస్తకమే అన్ని రిపోర్టుల కన్నా విలువైనది.

ఈత వీరుడు మైకేల్ ఫెల్ప్స్‌కు తొమ్మిదేళ్లప్పుడు ఏడీహెచ్‌డీ ఉన్నట్టు తేలింది. తల్లి డెబీ స్వయంగా టీచరు. లెక్కలంటే పడని కొడుక్కి ఈత కొలను లెక్కలు ఇప్పించిందామె. కొన్నేళ్లు మందు వాడి, తర్వాత మానేశాడు. ఈత కొలనే అతడికి టైంటేబుల్ నేర్పింది. 23 ఒలింపిక్ స్వర్ణాలు తర్వాతి కథ. ప్రతి పిల్లాడూ ఫెల్ప్స్ కాడు. కానీ ప్రతి పిల్లాడికీ ఓ 'ఈత కొలను' ఉంటుంది. వెతకాలి.

పెద్దయినా పోకపోతే...

'పుష్ప'లో భన్వర్‌సింగ్ షెకావత్‌గా తెలుగువాళ్లకు దగ్గరైన నటుడు ఫహద్ ఫాజిల్, తనకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టు నలభై ఒకటో ఏట తెలిసిందని 2024లో చెప్పారు. పిల్లల్లో ఉన్నప్పుడు తెలిసినా తెలియకపోయినా, సగానికి పైగా మందిలో పెద్దయ్యాక కూడా ఎంతో కొంత మిగులుతుంది. గంతులు తగ్గుతాయి. లోపలి అలజడి తగ్గదు.

బిల్లు గడువు మర్చిపోవడం, బండి తాళాల కోసం రోజూ వెతుకులాట, పని మొదలుపెట్టి మధ్యలో వదిలేయడం, ఉద్యోగాలు మారడం, మాట తూలి తర్వాత బాధపడటం, బండి మీద దూకుడు... 'బాధ్యత లేని మనిషి' అన్న పేరు ఖాయం. చాలామందికి అసలు సంగతి పిల్లాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడే తెలుస్తుంది. 'ఇవన్నీ నాలోనూ ఉన్నాయే' అనుకుంటారు. ఇది కుటుంబాల్లో వారసత్వంగా వచ్చే అవకాశం చాలా ఎక్కువ మరి.

పెద్దలకు బాగా పనికొచ్చే మందులేని చికిత్స 'కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ'. ఆలోచననూ అలవాటునూ కలిపి దిద్దే పద్ధతి. దీని సారం ఒక్కటే... బుర్రలో నిలవనిదాన్ని బయట నిలబెట్టడం. ఒకే క్యాలెండరు, ఒకే జాబితా. తాళాలకు తలుపు పక్కనే ఓ మేకు. కరెంటు బిల్లుకు బ్యాంకు నుంచి ఆటోమేటిక్ చెల్లింపు. పెద్ద పనిని పావుగంట ముక్కలుగా కోయడం. మనసు పక్కకు లాగినప్పుడు ఆ ఆలోచనను కాగితం మీద రాసి, పని అయ్యాక చూసుకోవడం. వాయిదా వేసే పనికి పక్కన ఓ మనిషిని కూర్చోబెట్టుకోవడం. కోపం వస్తే జవాబు రేపటికి వాయిదా. భార్యాభర్తలిద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళితే సగం గొడవలు తగ్గుతాయి. 'కావాలని మర్చిపోలేదు' అన్న మాట అవతలివారికి అప్పుడే అర్థమవుతుంది.

ఎవరిని అడగాలి?

పిల్లల వైద్యుడితో మొదలుపెట్టి, అవసరమైతే మానసిక వైద్యుడు లేదా క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లడం మంచిది. విజయవాడ ప్రభుత్వాసుపత్రి లాంటి బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ చేసే పరీక్షల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేసే టీచర్లుంటారు. ఫోనులో సలహా కావాలంటే కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

జాగ్రత్తపడాల్సినవీ ఉన్నాయి. 'నలభై రోజుల్లో శాశ్వతంగా నయం' అన్న బోర్డు కనిపిస్తే పక్కకు తప్పుకోవాలి. తలకు తీగలు తగిలించి చేసే న్యూరోఫీడ్‌బ్యాక్‌కు వేలకు వేలు పోసే ముందు, ఎవరికి ఏ చికిత్స ఇచ్చారో తెలియకుండా జరిపిన పరీక్షల్లో అది పెద్దగా నెగ్గలేదని తెలుసుకోవాలి. ఏమున్నాయో చెప్పని పొడులు, లేహ్యాలు పిల్లల నోట్లో పెట్టకూడదు. మంచి వైద్యుడు నయం చేస్తానని హామీ ఇవ్వడు. ఇల్లెలా ఉంది, బడెలా ఉంది, నిద్రెంత, ఆటెంత అని అడుగుతాడు. ఆ తర్వాతే కలం తీస్తాడు.

వాళ్లకు అవధానం తక్కువే. ఆ లోటు కొంతైనా పూడాలంటే ముందుగా పెరగాల్సింది వాళ్ల మీద పెద్దల అవధానం. రోజుకో పావుగంటతో మొదలుపెట్టినా చాలు!